రెండుసార్లు తీరిన బాకీ

1956 ఫిబ్రవరి 3, శుక్రవారం. ఆళ్లగడ్డ

నెల రోజులుగా ఈ పుస్తకంలో పాల లెక్క, చాకలి లెక్క తప్ప ఏమీ రాయలేదు. ఈ రోజు రాయకపోతే నా తలకాయ పగిలిపోయేట్టుంది.

నంద్యాల నుంచి కార్డు వచ్చింది. సీతారామయ్య శెట్టి ఇనుప అంగడిది. పోయిన ఏడు కొత్త గది కట్టినప్పుడు కిటికీ ఊచలు, దూలం, బండి చక్రాలకు పట్టాలు తెచ్చాం కదా, ఆ బాపతు. "తమ పేర రు. 286-8-0 లు నేటి వరకు నిలిచియున్నది, ఈ కార్డు అందిన వెంటనే పంపించగోరెదము" అని ఆనందరావు గుమాస్తా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

ఆ పైకం దీపావళి రోజే కట్టాం! వేరుశనగ అమ్మిన డబ్బు నేనే నా చేతులతో ఎంచి, మూట కట్టి మా ఆయనకిచ్చాను. ఆయన పొద్దున మొదటి బస్సుకు నంద్యాల పోయి, మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి "కట్టేసినా" అన్నాడు. ఆ రోజు బొబ్బట్లు చేశాను. అంతా నాకు గుర్తే.

తపాలా ఆయన కార్డు అందిస్తూ, "బాకీ కార్డమ్మా. చావడికాడ చదవమంటే చదివినా. ఏమనుకోవాకు" అన్నాడు. నోరు వెళ్లబెట్టాను. చావడిలో చదివాడట! మా ఇంటికి బాకీ కార్డు రావడమా? నేను కాపురానికొచ్చి పన్నెండేళ్లయింది, ఇట్లాంటి కార్డు ఏనాడూ చూడలేదు.

సాయంత్రం ఆయన చేని నుంచి వచ్చాడు. కాళ్లయినా కడుక్కోనివ్వకుండా కార్డు చేతిలో పెట్టాను. ఒకసారి చదివి, వెనక్కి తిప్పి, మళ్లీ చదివాడు.

"ఏందీ ఇది? నేను ఇచ్చినా గదా."

"ఎవరికిచ్చినావయ్యా?"

"పెద్దశెట్టికే. అంగట్లో లక్ష్మీపూజ చేస్తాండ్రి. ఆయప్ప నా దుడ్లు పళ్లెంలో పోసుకొని అమ్మవారి ముందర పెట్టినాడు. బోణీ బాగుండాదని పూలు కూడా ఇచ్చె."

"మరి కట్టినట్టు చీటీ?"

"అమ్మవారి ముందర పెట్టిన దుడ్లకు చీటీ అడుగుతారా యాడన్నా? అడిగితే శెట్టి కొడతాడు."

  ఇంతకన్నా మంచి కథ దొరకలేదా అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు నాకే సిగ్గేసింది.

ఫిబ్రవరి 4

అన్నం పెట్టాను, తిన్నాడు. నేనూ తిన్నాను. అంతే.

ఫిబ్రవరి 6, సోమవారం

నేను ఆయన్ను అనుమానించడం లేదు. ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

కానీ వెలుగోడు సంగతి మరిచిపోవడం ఎట్లా? ఐదేళ్ల కిందట ఎద్దుల జత కొంటానని పోయి, మూడు రోజులు అక్కడే పేకాటలో కూర్చుని, ఎద్దుల డబ్బంతా పోగొట్టుకొచ్చాడు. వచ్చి వాకిట్లోనే నిలబడి, "ఆడినా, పోగొట్టినా. నీ ఇష్టం వచ్చినట్ల తిట్టు" అన్నాడు. నేను తిట్టిన తిట్లు వీధి వీధంతా విన్నది. తర్వాత మా కూతురు కృష్ణమ్మ తలమీద చెయ్యిపెట్టి ఇంకెప్పుడూ ముక్క ముట్టనని ఒట్టు పెట్టాడు. అప్పుడు దానికి మూడేళ్లు. నాయన ఏడుస్తున్నాడని అదీ ఏడ్చింది.

ముట్టలేదు కూడా. నాకు తెలిసినంతవరకు. నాకు తెలియనిది నాకెట్లా తెలుస్తుంది?

మా అత్త వెంకటమ్మ ఈ రోజు పప్పు విసురుతూ నా మొహం చూడకుండానే అన్నది: "యశోదా, నీ మనసులో ఏముండాదో నాకు తెలుసు. నా కొడుకు ఆడితే ఆడినా అని చెప్తాడు. ఆడి ఆడలేదనే రకం కాదు వాడు."

ఆమె కన్న తల్లి. ఆమెకు అట్లాగే ఉంటుంది.

ఫిబ్రవరి 9, గురువారం

ఆయన నంద్యాల పోయి వచ్చాడు. అంగట్లో పెద్దశెట్టి లేడట. కాశీయాత్రకు పోయాడట, ఉగాదికిగానీ రాడట. ఆనందరావు గుమాస్తా పుస్తకం తెరిచి చూపించాడట. మా పేరు కింద దీపావళికి జమ లేదు. ఆ రోజు గుమాస్తా పండగకని వాళ్ల ఊరు పోయి ఉన్నాడు, అంగట్లో శెట్టి ఒక్కడే. శెట్టి ఎక్కడున్నాడో కాశీకి ఉత్తరం రాద్దామంటే అడ్రసు లేదు.

అన్నీ ఎంత బాగా కుదిరాయి! గుమాస్తా లేడు, శెట్టి లేడు, చీటీ లేదు.

"ఉగాదికి శెట్టి వస్తాడు గదా, అప్పుడు తేల్తాది" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. ఆ మామూలుతనమే నాకు మింగుడు పడటం లేదు. తప్పు చేయనివాడు ఎగరాలి కదా, గంతులేయాలి కదా. నేనైతే ఆ అంగడి పైకప్పు లేపేసి వచ్చేదాన్ని.

ఫిబ్రవరి 20, సోమవారం

రెండో కార్డు. పదిహేను దినాల లోపల పైకం ముట్టని పక్షమున వకీలు ద్వారా నోటీసు ఇప్పించవలసి వచ్చును, మన్నించగలరు. మన్నించాలట!

ఇదీ చావడిలో చదివారు. బావికాడ నీళ్లకు పోతే ఇద్దరాడవాళ్లు నన్ను చూసి మాట మార్చారు. బిందె సగం నిండకముందే ఎత్తుకొచ్చేశాను.

ఆయనతో అన్నాను: "ఏమయ్యా, కోర్టుదాకా పోతే పరువేముంటాది? ఎట్లనో ఒగట్ల సర్దేద్దాం."

"సర్దేదేందీ? ఒకసారి కట్టినాక రెండోసారి యాలకు కడతా? కడితే ముందు కట్టలేదని ఒప్పుకున్నట్లే గదా. పంపనీ నోటీసు. జడ్జీ ముందర నిలబడి చెప్తా."

"అమ్మవారి పళ్లెంలో పెట్టినానని చెప్తావా?"

అప్పుడు నా మొహంలోకి చూశాడు. 

"నువ్వు నమ్ముతాండావా లేదా, అది చెప్పు ముందు."

"నమ్మకేం" అన్నాను. వెంటనే అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయలేదు.

ఫిబ్రవరి 22

నిర్ణయించుకున్నాను. ఇది ఆయన కోసమే. ఆయన పరువు, కృష్ణమ్మ పరువు. ఐదేళ్ల తర్వాత ఒక్కసారి కాలు జారితే జారింది, మగవాడు. నేను బయటపెట్టను, అడగను, సాధించను. ఎంతమంది ఆడవాళ్లు ఇట్లా చేస్తారో చూపించమనండి.

ఫిబ్రవరి 27, సోమవారం

నరసమ్మ చిన్నమ్మకు ఒంట్లో బాగాలేదని చెప్పి నంద్యాల పోయి వచ్చాను. అబద్ధమేమీ కాదు. ఆమెకు మోకాళ్ల నొప్పులు ఎప్పుడూ ఉండేవే.

మా అమ్మ నాకు పెట్టిన బంగారు వంకీ అమ్మేశాను. పెళ్లిళ్లకు తప్ప దండచేతికి పెట్టుకునేదాన్ని కాదు, పెట్టెలో లేకపోయినా ఎవరికీ తెలియదు. చిన్నమ్మకు తెలిసిన కంసాలి తూచి మూడువందల పది ఇచ్చాడు.  చిన్నమ్మ "నరసింహులుకు చెప్పినావా?" అని అడిగింది. "చెప్పకుండా చేస్తానా" అన్నాను.

తర్వాత ఇనుప అంగడికి నేనే పోయాను. ఆనందరావు గుమాస్తా మంచివాడే, లేచి నిలబడి స్టూలు వేశాడు. డబ్బు ఎంచుకుని, పుస్తకంలో మా పేరు కింద జమ రాసి, అణా రెవిన్యూ బిళ్ల అంటించి రసీదు ఇచ్చాడు. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. "బాకీ చెల్లయిందని మా ఇంటికొక కార్డు రాస్తావా అన్నా? ఎవరు కట్టింది, ఎప్పుడు కట్టింది అవేమీ వద్దు. ఊరంతా ఆ రెండు కార్డులు చదివినారు, ఇదీ చదవనీ" అన్నాను. గుమాస్తా తలూపాడు.

రసీదు మడిచి ఈ పుస్తకం అట్టలో దోపాను. బస్సులో కూర్చున్నాక గుండె తేలికైంది. నేను మంచి పని చేశాను.

మార్చి 5, సోమవారం

దేవుడా! ఏం చూశాను నేను ఈ రోజు!

కార్డు వచ్చింది. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. తపాలా ఆయన వీధి మొదట్లోనే అరుచుకుంటూ వచ్చాడు, "నరసింహులన్నా, చెల్లయిందంటప్పా!" అని. ఆయన ఒక్క గంతులో వాకిట్లోకి దూకాడు. కార్డు చదువుతూ నవ్వాడు, మళ్లీ చదివి మళ్లీ నవ్వాడు. "తమ ఖాతా నేటి వరకు చెల్లు. తమకు కలిగిన శ్రమకు మన్నించగలరు." కళ్లనిండా నీళ్లు.

"ఏమే యశోదా! చూసినావా? నేను చెప్పలా? వాళ్లకే యాడో తప్పు దొరికింటాది! చెప్పలా నేను?"

కృష్ణమ్మను భుజానికెత్తుకుని చావడికి పోయాడు. అందరి ముందూ తానే చదివాడట. ఒకసారి కాదు, ఎవరొస్తే వాళ్లకు మళ్లీ మళ్లీ. తపాలా ఆయనకు ఎనిమిదణాలు ఇచ్చాడు. వచ్చి మా అత్త కాళ్లు పట్టుకున్నాడు. ఆమె తల నిమిరి, నావైపు చూసింది.

నేను నవ్వాను. నవ్వక ఏం చేయను?  ఒక మనిషి ఇంత నటించగలడా? నేను కట్టిన డబ్బు, నేను రాయించిన కార్డు. దాన్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు! వెలుగోడులో పోగొట్టుకొచ్చినప్పుడు కూడా నాకింత భయం వేయలేదు. అప్పుడు ఆయన్ను చూస్తే ఆయనే కనిపించాడు. ఇప్పుడు ఎవరితో కాపురం చేస్తున్నానో తెలియడం లేదు.

మార్చి 11

కొత్త పంచె కట్టుకుని తిరుగుతున్నాడు. పాటలు పాడుతున్నాడు. ఆ కార్డును దేవుడి పటం వెనక పెట్టాడు.

మార్చి 19

"నువ్వన్నా నమ్మినావు, అది చాల్లే నాకు" అన్నాడు ఈ రోజు, మజ్జిగ తాగుతూ.  పెరట్లోకి పోయాను.

ఏప్రిల్ 15, ఆదివారం

 ఇదీ రాస్తాను. ఎవరికి చెప్పుకోవాలి?

ఉగాది అయి మూడు రోజులు. పొద్దున పది గంటల బస్సుకు సీతారామయ్య శెట్టి దిగాడు. డెబ్భై ఏళ్ల మనిషి, చేతిలో టెంకాయ, బెల్లం, తమలపాకులు. మా ఆయన ఎదురెళ్లి మంచం వాల్చి, "శెట్టీ, కాశీ బాగా జరిగిందా? ఏం ఇంతదూరం?" అన్నాడు నవ్వుతూ. మా అత్త గడప దగ్గర కూర్చుని ఉంది. నేను మజ్జిగ తెచ్చాను.

శెట్టి మజ్జిగ తీసుకోలేదు. చేతులు జోడించాడు.

"నరసింహులూ, తప్పు చేసినానప్పా. మా అంగట్లో దీపావళి పొద్దు వచ్చిన తొలి దుడ్లు అమ్మవారి పేరుతో రాస్తాం. దానికి వేరే పుస్తకం, ఎర్రగుడ్డలో కట్టి నా పెట్టెలో ఉంటాది. నేను తప్ప ఎవురూ ముట్టరు. మర్నాడు గుమాస్తాతో చెప్పి కట్టినోళ్ల ఖాతాకు మార్పించాల. ఆ మర్నాడే నాకు జ్వరమొచ్చె. లేచినాక కాశీ హడావిడి. మరిచేపోయినా. ఏటా ఉగాదికి అమ్మవారి పద్దు తీసి గుడికి ఇస్తాం. మొన్న తీస్తే ఇరవయ్యో ముప్పయ్యో ఉండాల్సింది మూడునూర్ల పైన ఉండాది! అప్పుడు తెలిసింది, అది నీ దుడ్లని."

నా చేతిలో చెంబు ఉందో లేదో తెలియలేదు. అమ్మవారి పళ్లెం. పూలు. బోణీ. అంతా నిజం. ఒక్కొక్క మాటా నిజం. 

ఆయన హాయిగా నవ్వాడు. "అదే గదా నేను చెప్పింది! పోనీలే శెట్టీ. మీరు కార్డు రాసినారు గదా చెల్లని. దానికి ఇంతదూరం యాలకొచ్చినావు?"

"అట్ల కాదప్పా. ఒక బాకీకి రెండుసార్లు తీసుకుంటినే! ఆ పాపం నాకొద్దు." శెట్టి నడుముకున్న సంచి విప్పి, నోట్లు తమలపాకుల మీద పెట్టి నా ముందుకు చాపాడు. "ఇదో తల్లీ. ఫిబ్రవరిలో మీరు తెచ్చి కట్టినవి, రెండునూర్ల ఎనభైయ్యారున్నర. ఎంచుకోండి."

పాపం, శెట్టికేం తెలుసు.

 ఆయన నవ్వు మొహంమీద ఇంకా ఉంది, తీసేయడం మరిచిపోయినట్టు. నోట్ల వైపు చూశాడు. దేవుడి పటం వైపు చూశాడు. నన్ను చూడలేదు.

"చిన్నమ్మ మోకాళ్లు ఎట్లుండాయి?" అని అడిగాడు.

నిలువునా చచ్చాను. 

శెట్టిని బస్సెక్కించి వచ్చాడు. దారిలో ఆయనతో నవ్వుతూ మాట్లాడాడట కూడా. వచ్చి మంచం మీద కూర్చుని, "దేంతో తెచ్చినావు అన్ని దుడ్లు?" అన్నాడు. చెప్పాను. "మీ అమ్మ పెట్టిన వంకీనా?" అన్నాడు. ఔనన్నాను. లేచి పటం వెనక నుంచి కార్డు తీశాడు.

"ఇది నువ్వు రాయించిందా?"

"ఊ."

"దీన్ని పట్టుకోని చావడంతా తిరిగినా నేను. నా బిడ్డను భుజానెత్తుకోని."

చింపలేదు. విసిరేయలేదు. చిన్నగా మడిచి నా చేతికిచ్చి చేనికి పోయాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! నేను వెలుగోడప్పుడు తిట్టినట్టు, వీధి వీధంతా వినేట్టు.

మా అత్త బెల్లం లోపల పెట్టింది.

ఏప్రిల్ 16

నేను నటన అన్నాను. ఆ కళ్లనీళ్లను నటన అన్నాను. పైన నా చేత్తోనే రాసి ఉంది.

ఏప్రిల్ 18, బుధవారం

కాళ్లమీద పడ్డాను. తప్పయిపోయిందన్నాను.

"లెయ్, లెయ్. నీ తప్పేముండాది? ఆడినోణ్ణి నేను. ఒకసారి ఆడినోడు ఎప్పుడూ ఆడినోడే గదా" అన్నాడు. కోపం లేదు. బండికి కందెన వేయాలని చెప్పినట్టు చెప్పాడు. "నంద్యాల పోయి ఆ వంకీ తెచ్చుకో" అని కూడా అన్నాడు.

చిన్నమ్మకు కార్డు రాశాను. 

ఏప్రిల్ 21

చిన్నమ్మ జవాబు వచ్చింది, కంసాలి వంకీని ఎప్పుడో కరిగించాడట. మా ఆయన మామూలుగానే ఉన్నాడు. పొద్దున నాతో వాన గురించి కూడా మాట్లాడాడు. అన్నీ సర్దుకుంటాయి. కాలమే సర్దుతుంది.

ఏప్రిల్ 24

గానుగ నూనెకు ఆయన్ను డబ్బిచ్చి పంపాను. నూనె డబ్బాతో పాటు ఒక కాగితం ముక్క ఇచ్చాడు. నూనె వాడి సంతకం, ధర, తేదీ. "ఇదేంది?" అన్నాను. "చీటీ" అన్నాడు.

ఏప్రిల్ 25

క్షవరం. రెండణాలు. చీటీ!

ఏప్రిల్ 29

మా వీధి కూరగాయల రంగనాయకమ్మ నన్ను ఆపి పగలబడి నవ్వింది. "ఏమమ్మా, మీ ఆయన కొత్తిమీర కట్టకు గూడా రసీదు అడుగుతాండాడే! నాకు రాయను రాదంటే తానే రాసి నాతో వేలిముద్ర ఏయించుకుండె. ఏంది కత?"

 మీ ఆయనకు వేళాకోళం ఎక్కువమ్మా అన్నది తనే చివరికి. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి పెరట్లో కూర్చుని ఏడ్చాను.

మే 3, గురువారం

ఈ రోజు సంత. ఐదు రూపాయలు ఇచ్చాను. తిరిగొచ్చి, సంచి దించి, చొక్కా జేబులోంచి కాగితం తీశాడు. ఇక నా వల్ల కాలేదు.

"వద్దయ్యా! నీ కాళ్లు మొక్కుతా, ఇంక తేవాకు ఇవి. నేను నమ్ముతాండా. అమ్మవారి మీద ఒట్టు, కృష్ణమ్మ మీద ఒట్టు, నమ్ముతాండా నిన్ను!"

"నమ్ముతాండావులే" అన్నాడు మెత్తగా. "ఎవరు కాదన్యారు? తీసుకో."

చేయి చాపి అట్లాగే నిలబడ్డాడు. తీసుకున్నాను. చింపేయాలనే తీసుకున్నాను, నిజంగా.

ఉప్పు రెండణాలు. చింతపండు పన్నెండణాలు. మిరపకాయలు రూపాయి. కొత్తిమీర అణా. కృష్ణమ్మకు గాజులు నాలుగణాలు. వెరసి రెండు రూపాయల మూడణాలు. మిగిలింది రెండు రూపాయల పదమూడణాలు, కాగితంలోనే మడిచి ఉంది.

సరిగ్గా ఉంది. పైనుంచి కిందిదాకా కూడి చూశాను, సరిగ్గానే ఉంది. చూడకుండా ఉండలేకపోయాను.

నేను కూడటం అయ్యేదాకా ఆయన గడపలో నిలబడే ఉన్నాడు. తల ఎత్తాక, కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.